పొట్టికాలి కొలత

బడి నుంచి,
మేడ మీద గది

మామయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "ఆఁ... ఆఁ... సరే" అని పెట్టేస్తావు. రంపం మిషను నీ చెవులు తినేసిందని నాకు తెలుసులే. అందుకే ఉత్తరం. అమ్మ పోయాక నీకు రాయడం ఇదే మొదలు. పని పడితే గానీ మామయ్య గుర్తుకు రాలేదా అంటావు. పని పడింది. తిట్టుకోకు.

నాకు బల్లలు కావాలి. పన్నెండు.

పోయినేడాది నా ఏడో తరగతిలో నలభై ఎనిమిది మంది. ఆరుగురికో పొడుగు బెంచీ, ఎనిమిది వరసలు. నేను బోర్డు దగ్గర నిలబడి గొంతు చించుకునేదాన్ని. ముందు రెండు వరసలు వినేవి. మధ్య వరసలు విన్నట్టు తలూపేవి. వెనకాల ఏం జరిగేదో ఆ గోడలకే తెలియాలి. ఏడాది చివర చూసుకుంటే పదిహేను మందికి భాగహారం రాదు. ఏడో తరగతి మామయ్యా! ఇన్నాళ్ళూ ఎవరికి పాఠం చెప్పానా అని సిగ్గేసింది.

సెలవుల్లో మూడు రోజులు ట్రైనింగుకి పంపారు. అక్కడో పద్ధతి చూపించారు. పిల్లల్ని నలుగురు నలుగురుగా ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాలి. బాగా వచ్చినవాళ్ళూ, అంతంతమాత్రం వాళ్ళూ, అసలు రానివాళ్ళూ కలిసి ఉండాలి. ఒకళ్ళు లెక్క చదవాలి, ఒకళ్ళు చెయ్యాలి, ఒకళ్ళు "ఎందుకూ?" అని అడగాలి, ఒకళ్ళు లేచి క్లాసు మొత్తానికి చెప్పాలి. వారం వారం పనులు మారాలి. నలుగురికీ వచ్చేదాకా ఆ లెక్క అయినట్టు కాదు. నేను అరవక్కర్లేదు, బల్లల మధ్య తిరుగుతూ ఉంటే చాలు. వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

కొత్త కర్రకి మా పెద్ద మేడం ససేమిరా అంది. ఆ పాత బెంచీలే కోయించుకో అంది. కుర్చీలు బడిలో ఉన్నాయి. బెంచీలు లారీలో పంపిస్తున్నాను. బడి తెరవడానికి ఐదు వారాలుంది. చేస్తావుగా? ఊగకుండా చెయ్యి. బల్ల ఊగితే పిల్లలు లెక్క మానేసి దాన్నే ఊపుతూ కూర్చుంటారు.

నీ చిన్ని


షెడ్డు

చిన్నీ,

బెంచీలు దిగాయి. మంచి కర్ర. ఎవరో పాతకాలం వాడు చేశాడు. ఎక్కడా మేకు లేదు. అన్నీ బిగింపులే. కోయడానికి కాసేపు చెయ్యి రాలేదు. తర్వాత కోశాను.

అడుగువైపు పిల్లల పేర్లు చెక్కి ఉన్నాయి. కొన్ని నా వయసువాళ్ళవి అయ్యుంటాయి. అటువైపు చిత్రిక పట్టలేదు. ఉండనీ.

నలుగురికి బల్ల అంటే చదరంగా చేస్తున్నాను. మూలలు గుండ్రంగా తీశాను, తగలకుండా.

ఊగుడు సంగతి. మూడు కాళ్ళ బల్ల ఊగదు. నాలుగు కాళ్ళదే ఊగుతుంది. ఒక్క కాలు పొట్టిదైతే చాలు. అప్పుడు నేను చేసేది ఒకటే. పొట్టికాలు ఏదో చూస్తాను. మిగతా మూడూ దాని కొలతకి కోస్తాను. నిలబడుతుంది. ఏడో బల్ల మొండికేసింది. రెండుసార్లు కోయాల్సొచ్చింది. మిగతావాటి కన్నా వేలెడు కురచ. చిన్న పిల్లల్ని కూర్చోబెట్టు.

ఎక్కువ రాయడం రాదు నాకు. ఐదో క్లాసు వాణ్ణి. తప్పులుంటే నీ పిల్లల చేత దిద్దించు.

మామయ్య


బడి నుంచి

మామయ్యా,

నీ చేతులకి దండం. ఒక్క బల్ల ఊగదు. పిల్లలు మూడు రోజుల పాటు కింద దూరి ఆ పేర్లు చదువుకున్నారు. ఒకడికి వాళ్ళ తాతయ్య పేరు దొరికిందట, క్లాసంతా ఊరేగాడు.

నెల రోజులైంది మొదలుపెట్టి. మొదటి వారం మా కింద క్లాసు సారు మెట్లెక్కి వచ్చి, "ఏమ్మా, పైన గుర్రాలేమైనా కట్టేశారా?" అన్నాడు. నలభై ఎనిమిది మంది ఒక్కసారి మాట్లాడుతుంటే మరి అలాగే ఉంటుంది. కానీ లెక్కల గురించే మాట్లాడుతున్నారు మామయ్యా! నేను చెవులారా విన్నాను.

నీ కురచ బల్ల గురించి చెప్పాలి. అక్కడ నలుగురు. కళ్ళజోడు అని ఒకడు, క్లాసులో మొదటివాడు. వాగుడుకాయ అని ఒక పిల్ల, నోరు మూతపడదు. బంతి అని ఒకడు, జేబులో ఎప్పుడూ రబ్బరు బంతి ఉంటుంది. ఈ పేర్లన్నీ నేను పెట్టినవే, వాళ్ళకి తెలియదు. నాలుగోది గోడపక్క పిల్ల. పోయినేడాదంతా వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చునేదట. అడిగితే గోడ వైపు చూసేదట. ఇప్పుడు బల్ల గది మధ్యలో ఉంది కదా, ఆనుకోడానికి గోడ లేదు. మొదట్లో కుర్చీలో వెనక్కి జరిగి జరిగి రెండుసార్లు పడబోయింది. తల్లి ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. పిల్ల సన్నగా, గుప్పెడంత ఉంటుంది.

భిన్నాలు దానికి బొత్తిగా రావు. వాగుడుకాయ ఒక కాగితం తెచ్చి దాని ముందు పెట్టింది. "మడత పెట్టు. ఎంత?" "సగం." "ఇంకో మడత?" "పావు." "ఇంకోటి?" అది చాలాసేపు ఆ కాగితం విప్పి చూసి, గళ్ళు లెక్కపెట్టుకుని, "ఎనిమిదో వంతు" అంది. బంతి లేచి బంతిని పైకెగరేశాడు. ఆ వారం లేచి చెప్పే వంతు గోడపక్క పిల్లదే. బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది. మిగతా ముగ్గురి పెదాలూ కదులుతున్నాయి, గొంతు రానివ్వకుండా. చెప్పింది. మొత్తం చెప్పింది మామయ్యా. నాకు బోర్డు వైపు తిరగాల్సొచ్చింది.

ఒక్కటే చిక్కు. కొన్ని బల్లల్లో ఒక్కడు చేస్తాడు, ముగ్గురు చూసి ఎక్కించుకుంటారు. కళ్ళజోడు తండ్రి గేటు దగ్గర పట్టుకుని, "మావాడు చదువుకోడానికి వస్తున్నాడా టీచర్, చదువు చెప్పడానికి వస్తున్నాడా?" అన్నాడు. పెద్ద మేడం కూడా మార్కులు చూపించు అంటోంది. ఏదో ఒకటి ఆలోచించాలి.

నీ చిన్ని


షెడ్డు

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పిల్ల నిలబడ్డ చోటు మూడుసార్లు.

ఒక మాట అడుగుతాను. ఆ పిల్లకి గోడ కావాలంటే బల్ల గోడ దగ్గరికి జరపకూడదా? నాకు తెలియదు అనుకో. అడిగాను అంతే.

ఇక్కడ వాన. కర్ర ఉబ్బుతోంది. తలుపులు పట్టేస్తున్నాయి.

మామయ్య


బడి నుంచి

మామయ్యా,

చిక్కు తీరింది! తీర్చింది ఎవరో చెప్పుకో. నువ్వే.

మార్కులు ఎలా వెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే నీ మొదటి ఉత్తరం కనపడింది. "పొట్టికాలు ఏదో చూస్తాను, మిగతా మూడూ దాని కొలతకి కోస్తాను, నిలబడుతుంది." అంతే. శుక్రవారం శుక్రవారం ఇరవై మార్కులకి పరీక్ష పెడుతున్నాను. ఎవరిది వాళ్ళే రాయాలి. నలుగురిలో అందరికన్నా తక్కువ ఎవరికొస్తే ఆ మార్కే బల్లకంతటికీ. కళ్ళజోడుకి ఇరవై వచ్చినా, గోడపక్క పిల్లకి ఆరు వస్తే ఏడో బల్లకి ఆరే. పన్నెండు బల్లల మార్కులూ తలుపు మీద అంటిస్తున్నాను.

నువ్వు చూడాలి మామయ్యా ఆ మార్పు. ఇప్పుడు ఎవడూ ఒక్కడే చేసుకుని కూర్చోడు. రానివాళ్ళని పట్టుకుని రుద్దుతున్నారు. ఆటల గంటలో రుద్దుతున్నారు, మెట్ల మీద రుద్దుతున్నారు. మూడు వారాల్లో క్లాసు మార్కులు ఎక్కడికో వెళ్ళాయి. పెద్ద మేడం స్టాఫు రూములో అందరి ముందూ నన్ను నిలబెట్టి చెప్పించింది. మా మామయ్య వడ్రంగి, ఇది ఆయన చెప్పిన కొలత అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నీకే అవి. వచ్చే నెల నుంచి బడి మొత్తానికి ఇదే పద్ధతట.

ఏడో బల్ల మాత్రం ఇంకా అడుగునే ఉంది. వాళ్ళూ లేస్తారులే.

నీ చిన్ని


షెడ్డు

చిన్నీ,

చప్పట్లు నాకెందుకు. నేను చెప్పింది కర్ర గురించి. పిల్లల గురించి నాకేం తెలుసు.

ఆ పిల్ల రోజూ వస్తోందా?

నీకు ఒక సంగతి రాద్దామని కూర్చున్నాను. కాగితం సగానికి వచ్చింది. చింపేశాను. ఇంకోసారి చూద్దాం.

మామయ్య


బడి నుంచి

మామయ్యా,

తీరిక లేదు, నాలుగు ముక్కలు రాస్తున్నాను. వచ్చే వారం పై ఆఫీసు నుంచి చూడ్డానికి మనుషులొస్తున్నారు. పెద్ద మేడం నన్ను గదిలోంచి కదలనివ్వడం లేదు.

నీకు ఆ పిల్ల బెంగ దేనికి? బాగానే ఉంది. ఏడో బల్ల కూడా లేచింది! పోయిన రెండు శుక్రవారాలూ పదిహేడు, పద్దెనిమిది. తలుపు మీద వాళ్ళ అంకె పక్కన నక్షత్రం వేశాను. వాగుడుకాయ మొహం చూడాలి నువ్వు. గోడపక్క పిల్ల ఆ రెండు రోజులూ రాలేదు గానీ, కడుపునొప్పట. చీటీ తెచ్చింది. ఈ కాలంలో అందరికీ ఏదో ఒకటి.

ఏదో రాయబోయి చింపేశానన్నావు. అలా ఊరించకు. రాస్తే రాయి, లేకపోతే లేదు.

చిన్ని


షెడ్డు

చిన్నీ,

రాని పిల్ల మార్కు ఎలా లెక్కేస్తున్నావు?

కడుపునొప్పి శుక్రవారమే వస్తోందా?

వెంటనే రాయి. బల్లలు ఎలా ఉన్నాయో రాయొద్దు. ఇదొక్కటే రాయి.

మామయ్య


బడి నుంచి

మామయ్య గారికి,

మీరు అడిగినవాటికి జవాబులు.

రాని పిల్లల్ని లెక్కలోంచి తీసేశాను. జ్వరం వచ్చిన పిల్ల మూలంగా మిగతా ముగ్గురికీ సున్నా పడకూడదు కదా. న్యాయమే అనుకున్నాను. నాకు తట్టలేదు.

కడుపునొప్పి శుక్రవారమే. రిజిస్టరు తీసి చూశాను. వరసగా ఆరు శుక్రవారాలు. మీకు రాసినప్పటికి రెండే అనుకున్నాను, అప్పటికే మూడు. మీ ఉత్తరం వచ్చేసరికి సోమవారాలు కూడా లేవు. ఇరవై ఒక్క రోజులుగా అసలు బడికే రావడం లేదు. చూడ్డానికొచ్చినవాళ్ళ హడావిడిలో నేను చూసుకోలేదు. వాళ్ళు ఏడో బల్ల దగ్గర ఆగి, ఖాళీ కుర్చీ మీద సంచీ పెట్టి, నక్షత్రాన్ని మెచ్చుకుని వెళ్ళారు.

నెల రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టేస్తారు. ఇంకా తొమ్మిది రోజులుంది.

మిగతా ముగ్గుర్నీ నిలబెట్టి అడిగాను. వాగుడుకాయే చెప్పింది. "మేం ఏమీ అనలేదు టీచర్. కొట్టలేదు, తిట్టలేదు. నీకు ఒంట్లో బాలేదు కదా, శుక్రవారం ఇంటి దగ్గర ఉండిపో అన్నాం. మంచిగానే చెప్పాం. అది కూడా సరే అంది." ఆ పిల్ల కళ్ళలో ఏ పాపమూ లేదు మామయ్య గారూ. నేను చెప్పింది వాళ్ళు చేశారు. నలుగురూ కలిసి లెక్క తేల్చుకోమన్నాను. తేల్చుకున్నారు.

బంతి మాత్రం ఒక మాటన్నాడు. ముందు నెల్లాళ్ళు ఆటల గంటలో దాన్ని బయటికి పోనివ్వలేదట. మంచినీళ్ళకి కూడా. "ఇంకో లెక్క చేసి వెళ్ళు, ఇంకో లెక్క చేసి వెళ్ళు" అనేవారట. రుద్దుతున్నారని మీకు సంబరంగా రాశాను చూడండి, అదే.

మీకు ముందే తెలుసు. ఆ పిల్ల రోజూ వస్తోందా అని అడిగారు. నాకన్నా ముందు మీకెలా తెలిసింది? తెలిసినప్పుడు విడమర్చి ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది? కాగితం చింపేశారా? ఒక పిల్ల బడి పోయింది ఆ కాగితంతో.

చిన్ని


షెడ్డు

చిన్నీ,

ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళు. ఇక్కడే ఆపి వెళ్ళు. మిగతాది వచ్చాక చదువు.

"మీరు" అన్నావు నన్ను. భుజాన వేసుకుని తిప్పినవాణ్ణి. అను. తగును నాకు.

ఎలా తెలిసిందని అడిగావు. అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్యకి కూడా. రెండు రోజులుగా రాస్తున్నాను ఇది. రోజుకి కాస్త.

మా బడిలో ఒక్కడే మాస్టారు. బెంచీకి నలుగురం. శనివారం ఎక్కాలు. ఒక్కో బెంచీని లేపేవాడు. ఒకడు తప్పితే బెంచీ మొత్తానికి దెబ్బలు. చెక్క స్కేలు. నిలువుగా పట్టుకుని వేళ్ళ కణుపుల మీద. ఒకడి కోసం ఇంకొకడు చదువుతాడని ఆయన ఉద్దేశం. చెడ్డవాడు కాదు. నీలాగే.

నాకు ఎనిమిదో ఎక్కం వచ్చేది కాదు. ఎనిమిదారులు దాకా వచ్చేది. ఎనిమిదేళ్ళు యాభై ఆరు దగ్గర నోరు పడిపోయేది. ఇంట్లో బాగా చెప్పేవాణ్ణి. అక్కడ నిలబడితే పోయేది. ఒక ఏడు తప్పాను. అందుకని నాకన్నా ఏడాది చిన్నది, మీ అమ్మ, నా క్లాసులోకి వచ్చింది. నా బెంచీలోకే. నా పక్కనే.

మీ అమ్మకి అన్ని ఎక్కాలూ వచ్చు. నా మూలంగా ప్రతి శనివారం దెబ్బలు తినేది. సన్నటి వేళ్ళు. సాయంత్రానికి వాచేవి. పలక పట్టుకోలేకపోయేది. ఇంట్లో అడిగితే తలుపు సందులో పడ్డాయనేది. నా పేరు చెప్పేది కాదు.

ఒక శనివారం ఇద్దరం బయల్దేరాం. దారిలో ఆగింది. "అన్నయ్యా, నీకు ఇవాళ కడుపునొప్పి కదూ?" అంది. నా మొహం చూడలేదు. నేల చూస్తూ అంది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఔనన్నాను. వెనక్కి తిరిగాను. ఆ రోజు మా బెంచీకి దెబ్బలు పడలేదు. సాయంత్రం మీ అమ్మ నవ్వుకుంటూ వచ్చింది. చాన్నాళ్ళకి నవ్వింది. వచ్చే శనివారం తను అడగక ముందే నేనే చెప్పాను, నొప్పని.

కొన్నాళ్ళకి మిగతా రోజులు కూడా వెళ్ళబుద్ధి కాలేదు. శనివారం లేనివాణ్ణి సోమవారం ఉండి ఏం చెయ్యను. మీ తాతయ్య షెడ్డులో పెట్టాడు. ఐదో క్లాసు అని అందరికీ చెప్తాను. నీకూ రాశాను. అబద్ధం. మూడే. అదీ సగం.

ఎందుకు ముందు రాయలేదంటావు. మీ అమ్మ మాట చెప్పాలి కదా. పోయిన మనిషి. నువ్వు తన గురించి ఒక రకంగా అనుకుంటున్నావు. దాన్ని నేను చెడగొట్టడమా అని. మీ అమ్మ మీద నాకు కోపం లేదు. ఆ వేళ్ళు నాకు ఇప్పటికీ కనపడతాయి. ఇది నిజం.

ఇంకొకటి. కాలు సంగతి. పొట్టికాలికి రెండు పనులున్నాయి. మిగతా మూడూ కోయడం ఒకటి. పొట్టిదాని కింద ముక్క వేసి ఎత్తు చెయ్యడం రెండోది. అదే కర్రలోంచి ముక్క తియ్యాలి. జిగురు పెట్టాలి. ఆరనివ్వాలి. చిత్రిక పట్టాలి. కాలికి రెండు రోజులు పడుతుంది. కోస్తే పది నిమిషాలు. నీకు తొందరగా కావాలి. కోశాను. నీకు ఒకటే రాశాను. నేను చేసేది ఒకటే అన్నాను. రెండోది నాకు తెలుసు.

మీ అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, చివర్లో, నువ్వు మందులకి కిందకి వెళ్ళావు. నన్ను దగ్గరికి రమ్మంది. "అన్నయ్యా, కడుపునొప్పి తగ్గిందా?" అని అడిగింది. అరవై ఏళ్ళు ఆ ఊసు ఎత్తలేదు ఇద్దరం. తనకీ గుర్తుంది.

వెళ్ళొచ్చి రాయి.

మామయ్య


బడి నుంచి

మామయ్యా,

నీ ఉత్తరం గేటు దగ్గర అందింది. నువ్వు చెప్పినట్టే మొదటి ముక్క చదివి ఆపి వెళ్ళాను. మిగతాది వచ్చాక మెట్ల మీద కూర్చుని చదివాను. "మీరు" అన్నందుకు నన్ను క్షమించు. అమ్మ గురించి ఏమీ అనలేను. ఇప్పుడు కాదు.

ఆ పిల్ల ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటివాళ్ళు ఆస్పత్రి వెనక దుప్పట్లు ఉతికే గదికి వెళ్ళమన్నారు. ఆవిరి. మనిషికి మనిషి కనపడరు. తల్లి నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పోతానంటే నేనెందుకు వద్దంటాను టీచరమ్మా? రోజూ తిడుతున్నాను. అదే పోనంటోంది. ఇక్కడైతే దానికి పని బాగా వచ్చింది" అంది.

పిల్ల బల్ల దగ్గర దుప్పట్లు మడత పెడుతోంది. సగం, పావు, ఎనిమిదో వంతు. చెయ్యి ఆగడం లేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

శుక్రవారం పరీక్ష తీసేశాను, తలుపు మీద కాగితం చింపేశాను, ఇంక ఎవరి మార్కు వాళ్ళదే అన్నాను. రేపు రా అన్నాను. నీ కుర్చీ అలాగే ఉందన్నాను. అన్నిటికీ తలూపింది. నాకు తెలిసిన తలూపుడే, మధ్య వరసల తలూపుడు. చివరికి ఒక్కటే అడిగింది.

"ఏడో బల్లకి ఇప్పుడు ఎంత వస్తోంది టీచర్?"

అబద్ధం చెప్పాల్సింది. నోట్లోంచి వచ్చేసింది. "పోయినసారి పంతొమ్మిది."

"చూశారా మరి" అని నవ్వింది. గర్వంగా నవ్వింది మామయ్యా. అందులో తన వంతు కూడా ఉన్నట్టు.

తర్వాత మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి వాళ్ళ అమ్మ చాటున నిలబడింది. పెద్ద మేడం దగ్గరికి వెళ్ళి ఈ మార్కుల పద్ధతి బడిలో అన్ని క్లాసుల్లోనూ ఆపెయ్యమన్నాను. "ఒక్క పిల్ల కోసమా? నలభై ఏడు మంది బాగుపడ్డారు, అది చూడు" అంది. పైవాళ్ళు మెచ్చుకున్న కాగితం అద్దం కట్టించి వరండాలో పెట్టింది. కింద క్లాసు సారు కూడా ఇప్పుడు బల్లలు వేయించుకున్నాడు. ఆయన క్లాసులో శుక్రవారం ఎంతమంది రాలేదో చూసొచ్చాను. ముగ్గురు. చెప్పాను. "జ్వరాల కాలం కదమ్మా" అన్నాడు. నేను నీకు రాసిన మాటే.

ఇవాళ్టితో నెల. రిజిస్టరులో ఎర్ర గీత క్లాసు టీచరే గియ్యాలట. గీశాను. స్కేలు పెట్టి గీశాను, వంకర పోకుండా.

బంతి నా బల్ల దగ్గరికొచ్చి ఆ గీత చూశాడు. "మా వల్లేనా టీచర్?" అన్నాడు. కాదన్నాను. "మరెవరి వల్ల?" అన్నాడు. బెల్లు కొట్టారు. వాడు పోలేదు. నేనే లేచి బయటికొచ్చేశాను.

ఏడో బల్ల కళ్ళ ముందు ఉంటే నేను తట్టుకోలేకపోతున్నాను. ఆ ముగ్గుర్నీ వేరే బల్లలకి సర్దాను. దాన్ని నీకు పంపించెయ్యనా?

ఒక్కటి చెప్పు. అమ్మ అలా అడిగినప్పుడు నువ్వు ఏమన్నావు? తగ్గిందన్నావా? ఆ పిల్ల రేపు పెద్దదై ఎక్కడో నాకు ఎదురుపడితే నేనూ అదే అడుగుతాను. అది ఏం చెప్తుందో నాకు ముందే తెలియాలి.

నీ చిన్ని


షెడ్డు,
శనివారం

చిన్నీ,

తగ్గిందన్నాను. పోయే మనిషికి ఇంకేం చెప్తాం. నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు అప్పటిలాగే సన్నగా ఉన్నాయి. తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నువ్వు మందులు తీసుకుని వచ్చావు.

ఆ పిల్ల కూడా తగ్గిందనే అంటుంది. నమ్మకు.

బల్ల పంపు. కింద ముక్కలు వేస్తాను. నాలుగు కాళ్ళకీ. మిగతావాటితో సమానం చేస్తాను. ఎవరు కూర్చుంటారని అడగకు. నాకు తెలియదు. చెయ్యాలి అంతే.

నాది తగ్గలేదు. శనివారం పొద్దున లేస్తే ఇప్పటికీ పట్టేస్తుంది. డాక్టర్లు చూశారు. ఏమీ లేదన్నారు.

ఇవాళ కూడా ఉంది. ఇంక రాయలేను.

మామయ్య